గాదెల ముందు ఆగిన వాక్యం

ఫానూస్ మిఖాయీల్ సొంత చెల్లెలి పొలం తిన్నాడు. తిని, మూతి తుడుచుకుని, ఆదివారం పొద్దున చర్చిలో ముందు బల్ల మీద కూర్చుని, అందరికంటే గట్టిగా పాట అందుకున్నాడు. ఆ గొంతు విన్నప్పుడల్లా షౌకీ తన పాట ఆపేసేవాడు. మంచి గొంతు మరి, అదే అతని బాధ. అంత పని చేసినవాడికి గొంతైనా కీచుగా ఉండి ఉంటే సగం కోపం చల్లారేది.

షౌకీ ఆ చెల్లెలు రిఫ్కా మొగుడు. నజ్లత్ బర్సూమ్ ఊళ్ళో అతనికి ముప్ఫై కీరాత్‌ల పొలం ఉండేది. అంటే ఒక ఫద్దానూ, ఆ పైన పావూ, ఎకరంన్నరకు కాస్త తక్కువ. అందులో గోధుమా, గేదెలకు బర్సీము గడ్డీ, ఒక మూల ఉల్లీ వేసుకుని, పాలు అమ్ముకుని బతికేవాడు. ఐదో తరగతిలో ఉండగా తండ్రికి పక్షవాతం వచ్చి బడి మానేశాడు. ఆ తర్వాత చదివిందంతా బైబిలే, అదీ వేలు పెట్టుకుని, అక్షరం వెంట అక్షరం.

ఫానూస్ సంగతి వేరు. కాలవ పక్కన నల్లమట్టిలో నాలుగు ఫద్దాన్లు, బస్సులాగే చోట ఎరువుల దుకాణం, చర్చిలో సంఘ పెద్ద హోదా. ఆ నాలుగు ఫద్దాన్లూ తండ్రి మిఖాయీల్‌వి. మిఖాయీల్‌కు పిల్లలు ఇద్దరే, ఫానూస్, రిఫ్కా.

ఆ ఊళ్ళో ఆడపిల్లకు పొలం ఇవ్వరు. క్రైస్తవులని లేదు, ముస్లింలని లేదు, ఆ ఒక్క విషయంలో ఊరంతా ఒకటే మతం. ఇస్తే ఆ మట్టి పరాయి ఇంటిపేరు కిందికి పోతుందని వాళ్ళ భయం. అందుకని తండ్రి పోయాక నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఆడపిల్ల చేతిలో ఏదో ఒకటి పెట్టి, "తృప్తేనా అమ్మా?" అని అడుగుతారు. దాన్ని రద్వా అంటారు. "తృప్తే" అనని ఆడది అప్పటిదాకా ఆ ఊళ్ళో పుట్టలేదు. అన్నందుకు బదులుగా ప్రతి పండక్కీ అన్న సారె మోసుకొస్తాడు. బియ్యం, పంచదార, మాంసం, సబ్బులు. ఆ సంచులు గుమ్మం దాటడం వీధంతా చూడాలి. అన్న సారె తేని ఆడదాన్ని అత్తారి వీధిలో ఎవరూ లెక్కచెయ్యరు.

మిఖాయీల్ పోయినప్పుడు రిఫ్కాకు రద్వాగా వచ్చింది ఒక గేదె దూడ, సన్నపాటి బంగారు గాజు ఒకటి. తండ్రి కోసం ఏడుస్తూ, తల మీద నల్లముసుగు లాక్కుని, "తృప్తే" అంది. ఆ క్షణాన ఎవరేం అడిగినా ఆమె అలాగే అనేది.

ఏళ్ళు గడిచాయి. దూడ గేదె అయి, ఈని, ముసలిదై, కటికవాడి దగ్గరికి పోయింది. ఈలోగా కాలవ గట్టు వెంట తారు రోడ్డు పడింది. రోడ్డు పక్కనున్న రెండు ఫద్దాన్లనూ ఎవరో బట్టల వ్యాపారికి దుకాణాలు కట్టుకోవడానికి అమ్ముతున్నట్టు ఫానూస్ నోటి నుంచే బయటికొచ్చింది. ఆ మర్నాడు రిఫ్కా అన్న ఇంటికి వెళ్ళింది.

"నువ్వు దున్నుకున్నంత కాలం నేను నోరెత్తలేదన్నా," అంది. "చిన్నప్పుడు నేను కలుపు తీసిన నేల అది. అమ్ముతున్నావంటే మాత్రం ఆ నాలుగు ఫద్దాన్లలో సగం నాది. నాన్న మన ఇద్దరికీ నాన్నే."

ఫానూస్ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఈ పాఠం షౌకీ నేర్పాడా?"

"నాకు నాన్న ఉన్నాడని షౌకీ నేర్పాలా?"

ఆ ఏడు పునరుత్థాన పండక్కి రిఫ్కా గుమ్మం ముందు సంచులు దిగలేదు. పక్కింటావిడ పనేమీ లేకపోయినా మూడుసార్లు తొంగి చూసి వెళ్ళింది.

పండగైన మరుసటి ఆదివారం పాస్టరు నాదిర్ లూకా సువార్త పన్నెండో అధ్యాయం తీశాడు. నాదిర్ కుర్రవాడు, పట్నం నుంచి వచ్చి రెండేళ్ళయింది. చదువుకున్నవాడు, మెత్తగా మాట్లాడతాడు. గుంపులోంచి ఒకడు లేచి, బోధకుడా, ఆస్తిలో నాకు వంతు పెట్టమని మా అన్నకు చెప్పు అని యేసును అడిగిన ఘట్టం చదివాడు. మీ మీద పంపకాలు చేసేవాడిగా నన్నెవరు పెట్టారని యేసు తిరిగి అడగడం చదివాడు. పేరాశకు దూరంగా ఉండండన్న మాట చదివి బైబిలు మూసేశాడు. తర్వాత ముప్పావుగంట సేపు పేరాశ గురించి చెప్పాడు. పేరాశ రక్తసంబంధాన్ని ఎలా తెంపుతుందో, అడగడం కంటే వదులుకోవడం ఎంత గొప్పదో చెప్పాడు. చెబుతున్నంతసేపూ తలకాయలు ఒక్కొక్కటిగా ఆడవాళ్ళ వైపుకు తిరిగాయి. ముందు బల్ల మీద ఫానూస్ కళ్ళు మూసుకుని మెల్లగా తల ఊపాడు.

"ఎంత మంచి ప్రసంగం," అంది రిఫ్కా ఇంటికొచ్చాక, ఉల్లిపాయను పిడికిలితో చితక్కొడుతూ. "ఇన్నేళ్ళలో ఈ ఊరు నా గురించి ఒక్క మాట అనుకోలేదు. ఇవాళ ఏకంగా దేవుడి ఇంట్లో, మైకు పెట్టి మరీ."

"నవ్వకు."

"ఏడిస్తే వాడు గెలిచినట్టు. ఆ రొట్టెల గంప ఇలా జరుపు."

షౌకీ గంప జరపలేదు. బైబిలు తీసి అదే అధ్యాయం వెతికాడు. పేరాశ మాట దగ్గర వేలు పెట్టి అక్కడి నుంచి కిందికి జరిపాడు. పెదాలు కదిలాయి. కాసేపటికి వేలు ఆగింది.

"అయ్యగారు మధ్యలో ఆపేశాడు," అన్నాడు.

"ఏమిటి?"

"కథ ఉంది ఇక్కడ. వెంటనే, కింద వరసలోనే. డబ్బున్నవాడొకడికి పొలం బాగా పండింది. దాచడానికి చోటు చాల్లేదు. ఉన్న గాదెలు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టుకుంటానన్నాడు. ఆ రాత్రే వాడి ప్రాణం పోయింది. యేసు ఆ మాట అనగానే చెప్పిన కథ ఇది. గాదెల ముందు ఆపేశాడు అయ్యగారు."

రిఫ్కా ఉల్లిపాయను రొట్టెలో చుట్టింది. "గాదెలున్నవాడు ముందు బల్ల మీద కూర్చున్నాడు కదా మరి. అటు చూసి చదవడం కష్టమే."

ఆ సాయంత్రమే షౌకీ పాస్టరు ఇంటికి వెళ్ళాడు. గోడలకు కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. ఆ సున్నం ఫానూస్ వేయించాడని ఊరందరికీ తెలుసు. నాదిర్ తలుపు తీసి, షౌకీ ముఖం చూసి, కూర్చోమని కూడా అనకుండా తనే ముందు కూర్చున్నాడు.

"గాదెల గురించే కదా?" అన్నాడు.

షౌకీ నిలబడే అడిగాడు. "మీకు తెలిసే ఆపారా అయ్యగారూ?"

"తెలిసే ఆపాను. శనివారం కూర్చుని మొత్తం రాసుకున్నాను కూడా. పొద్దున ప్రసంగ బల్ల దగ్గర నిలబడ్డాక నోరు రాలేదు." నాదిర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బుధవారం కూడికలో ఈసారి వాక్యం చెప్పే వంతు నీదే కదా?"

"నాదే."

"నేనయితే సంఖ్యాకాండం ఇరవై ఏడు చూస్తాను. సెలోపెహాదు కూతుళ్ళ సంగతి. కానీ షౌకీ, ఇల్లు చేరేలోగా ఇంకోసారి ఆలోచించుకో. ఆ భాగం ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో మనం చెప్పలేం." తర్వాత అడిగాడు, "మీ చెల్లెలు బహీజా ఎలా ఉంది?"

"బాగుంది. పండక్కి సారె ఇచ్చొచ్చాను. మాంసం మంచి ముక్క చూసి కొట్టించా. ఫానూస్ లాగా నేను చెల్లెల్ని మరిచిపోయే రకం కాదు."

నాదిర్ కళ్ళజోడు పెట్టుకుని అతని వంక చూశాడు.

ఆ చర్చిలో బుధవారం వాక్యం పాస్టరు చెప్పడు. సంఘంలో మగవాళ్ళు వంతుల వారీగా చెబుతారు. ఆ అలవాటు మొదలుపెట్టింది పాత పాస్టరు, చనిపోయిన అద్లీ అయ్యగారు. రైతుకు ప్రసంగం తయారుచేసుకోవడం ఎలాగో ఆయనే నేర్పాడు. ఏ భాగం తీసినా మూడు ప్రశ్నలు వెయ్యమనేవాడు. ఇక్కడ ఎవరు అడుగుతున్నారు? ఎవరు నోరు మూసుకున్నారు? రేపు పొద్దున నేనేం చెయ్యాలి? మూడోదానికి జవాబు దొరక్కపోతే ప్రసంగ బల్ల దగ్గరికి రావద్దు, అది ప్రసంగం కాదు, కబుర్లు అనేవాడు. షౌకీ సోమ, మంగళవారాలు చేలో నీళ్ళు మళ్ళిస్తూ ఆ మూడింటితోనే గడిపాడు. పంపు చప్పుడులో తనలో తను గట్టిగా మాట్లాడుకున్నా ఎవరికీ వినపడదు. మూడో ప్రశ్నకు జవాబు అతనికి అందరికంటే ముందే దొరికింది. రేపు పొద్దున ఫానూస్ కొలకర్ర పట్టుకుని చేలోకి రావాలి.

బుధవారం సాయంత్రం చర్చి గుమ్మంలో ఫానూస్ ఎదురుపడ్డాడు. ఏ భాగం చెబుతున్నదీ పెద్దకు ముందుగా చెప్పాలి, అది పద్ధతి.

"ఏం తీస్తున్నావు బావా?"

"సంఖ్యాకాండం, ఇరవై ఏడు."

"జనాభా లెక్కలా?" ఫానూస్ నవ్వాడు. "చెప్పు చెప్పు. లెక్కలైతే ఎవరికీ నొప్పుండదు. త్వరగా ముగించు, గేదె ఈనేలా ఉంది."

ఆ రోజు చర్చి మామూలు బుధవారంలా లేదు. ఆడవాళ్ళ వైపు బల్లలన్నీ నిండాయి. రిఫ్కా నూతి దగ్గర ఒక మాట వదిలి ఉంటుంది. షౌకీ చెల్లెలు బహీజా కూడా కాలవ అవతలి ఊరి నుంచి ఆటోలో వచ్చి, చోటు లేక వెనక గుమ్మం దగ్గర నిలబడింది. చెల్లెలు తన ప్రసంగం వినడానికి వచ్చిందని షౌకీకి గర్వమేసింది.

భాగం చదివి బైబిలు తెరిచే ఉంచాడు.

"సెలోపెహాదు అని ఒకడుండేవాడు," అని మొదలుపెట్టాడు. "ఎడారిలోనే పోయాడు. ఐదుగురు కూతుళ్ళు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఈ చర్చిలో ఎంతమంది పిల్లలకి బాప్తిస్మం ఇచ్చామో, ఒక్కరికైనా ఈ పేర్లు పెట్టామా? పెట్టం. ఎందుకు పెట్టమో ఈ వారం చేలో నీళ్ళు పెడుతుంటే అర్థమైంది."

ఫానూస్ కళ్ళు తెరిచాడు.

"నేల పంచుతున్నారు. మగవాళ్ళ పేర్లు పిలుస్తున్నారు. ఈ ఐదుగురూ వచ్చి గుడారం గుమ్మంలో నిలబడ్డారు. ఎవరి ముందు? మోషే ముందు, యాజకుడి ముందు, పెద్దల ముందు, జనం మొత్తం ముందు. పొయ్యి దగ్గర కూర్చుని ఏడవలేదు. వదిన చెవిలో చెప్పుకోలేదు. నిలబడి, మా నాన్న పేరు మీద మాకూ నేల ఇవ్వండి అన్నారు. మోషే ఏమన్నాడు? ఈ పాఠం మీ మొగుళ్ళు నేర్పారా అన్నాడా?"

ఆడవాళ్ళ వైపు ఎవరికో దగ్గొచ్చింది. దగ్గు కాదది.

"మోషేకి ఏం చెప్పాలో తెలియలేదు. తెలియదు కాబట్టి వెళ్ళి దేవుణ్ణి అడిగాడు. దేవుడేమన్నాడు? ఈ ఆడపిల్లలకి పేరాశ అన్నాడా? లేదు. వీళ్ళు అడిగింది న్యాయం, ఇచ్చెయ్ అన్నాడు. పేరాశ అనే మాట దేవుడు ఎవరి గురించి అన్నాడో లూకాలో ఉంది, పోయిన ఆదివారం ఆపిన చోటి నుంచి కింది వరస చదువుకోండి. గాదెలున్నవాడి గురించి అన్నాడు."

"ఆగు బావా," అన్నాడు ఫానూస్. కూర్చునే అన్నాడు, గొంతు పెంచలేదు. "వాక్యాన్ని వంచకూడదు. సెలోపెహాదుకు కొడుకుల్లేరు. అందుకని కూతుళ్ళకి వచ్చింది. కొడుకుంటే వచ్చేది కాదు. ఆ ముక్క నువ్వు చదవలేదా, చదివి దాచావా?"

మాటలో నిజముంది. మగవాళ్ళ వైపు తలలు ఊగాయి. కానీ ఈ ప్రశ్న షౌకీకి పంపు దగ్గరే ఒకసారి వచ్చి పోయింది.

"చదివాను. దాచలేదు. సరే, కొడుకులున్నవాడిని చూద్దాం. యోబు. కష్టాలన్నీ తీరాక ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. కూతుళ్ళకి వాళ్ళ అన్నదమ్ములతో పాటు వంతు పెట్టాడు. ఏడుగురు కొడుకులున్నా పెట్టాడు బావా. నువ్వొక్కడివే."

"అది యోబు బుద్ధి. మా నాన్న అలా పెట్టలేదు."

"మీ నాన్నకి చివరి నెల మాట పడిపోయింది. పెట్టాడో లేదో నీకెలా తెలుసు?"

"రిఫ్కా తృప్తే అంది. నలుగురు విన్నారు."

"నలుగురూ విన్నారు. నీ వంతెంతో తెలుసా అని ఒక్కడూ అడగలేదు," అన్నాడు షౌకీ. "దూడనిచ్చి తృప్తా అంటే ఏమంటుంది, తండ్రి శవం లేచిన ఇంట్లో?"

బుధవారం కూడికలో ఇలా ఎదురు మాట్లాడుకోవడం ఆ చర్చి గోడలు అంతకుముందు చూడలేదు. షౌకీ బల్లను రెండు చేతులా పట్టుకున్నాడు. ఇక మిగిలింది అద్లీ అయ్యగారి మూడో ప్రశ్న.

"అద్లీ అయ్యగారు మనకి ఏం నేర్పారు? రేపు పొద్దున ఏం చెయ్యాలో చెప్పకపోతే ప్రసంగం కాదన్నారు. అందుకని అడుగుతున్నాను. మన ఊళ్ళో ఏ అన్న ఇంట్లో అయితే చెల్లెలి వంతు ఉందో, ఆ అన్న రేపు పొద్దున ఏం చెయ్యాలి?"

అడిగి ఫానూస్ వంకే చూస్తూ నిలబడ్డాడు. జవాబు మాత్రం వెనక నుంచి వచ్చింది.

"నేనూ అదే అడుగుదామని వచ్చానన్నయ్యా."

బహీజా గుమ్మంలోనే ఉంది. చంకలో మనవణ్ణి ఎత్తుకుని ఉంది. ముసుగు సర్దుకుంది గానీ లోపలికి రాలేదు.

"ఆ ఐదుగురి సంగతి బాగా చెప్పావు. రిఫ్కా వదిన సంగతీ న్యాయమే. నాన్న పోయినప్పుడు నాకు నువ్విచ్చింది ఫ్రిజ్జు. గుర్తుందా?"

"కొత్త ఫ్రిజ్జు," అన్నాడు షౌకీ. నోరు దానంతట అదే అంది.

"కొత్తదే. నాలుగేళ్ళకి చెడిపోయింది. ఇప్పుడందులో కోళ్ళ దాణా పోసుకుంటున్నాం. పొలానికి చెడిపోయే గుణం లేదు కదన్నయ్యా."

ఆడవాళ్ళ వైపు నవ్వు లేచింది. మగవాళ్ళ వైపుకూ పాకింది. ఫానూస్ ఆ సాయంత్రం మొదటిసారి వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

"చెప్పు షౌకీ," అన్నాడు తియ్యగా. "మంచి ప్రశ్న. రేపు పొద్దున ఏం చేస్తావు?"

షౌకీ నోటికి ముందుగా వచ్చిన మాట "అది వేరు" అని. ఆ మాట పళ్ళ దాకా వచ్చింది. ఏమిటి వేరు? ఫ్రిజ్జు దూడ కంటే ఖరీదైంది. చెల్లెలికి ప్రతి పండక్కీ సారె ఇచ్చాడు. ఫానూస్ కూడా ఇచ్చాడు, మొన్నటిదాకా. తండ్రి మంచాన పడితే బడి మానేసి ఆ పొలాన్ని నిలబెట్టింది తను. కానీ ఆ ఏళ్ళన్నీ తండ్రి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, నోట్లో ముద్ద పెట్టింది బహీజా. ఆమె అసలు బడి గడపే తొక్కలేదు. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి వచ్చాయి. అతనికి పశ్చాత్తాపం రాలేదు. కోపం వచ్చింది. పాస్టరు మీద, ఎందుకంటే అతను ఇది ముందే చూశాడు. చెల్లెలి మీద, ఎందుకంటే ఇంట్లో అడగకుండా ఇక్కడ అడిగింది. అన్నిటికంటే ఎక్కువగా ఆ వెనక్కి ఆనుకున్న వీపు మీద.

ముప్ఫై కీరాత్‌లు. అందులో సగం పోతే రెండు గేదెలకు గడ్డి చాలదు. ఒక గేదెను అమ్మాలి. ఇవ్వనంటే ఈ సాయంత్రం చెప్పిందంతా పాల మీద నురగ. రిఫ్కా ఈ జన్మలో ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తడానికి ఉండదు, ఎత్తితే ఊరంతా ఫ్రిజ్జు గుర్తుచేస్తుంది.

రిఫ్కా వైపు చూశాడు. ఆమె కళ్ళు దించలేదు, సైగ కూడా చెయ్యలేదు. నువ్వు మొదలుపెట్టావు, నువ్వే చెప్పు అన్నట్టు చూసింది.

"సగం," అన్నాడు షౌకీ.

నవ్వులు ఆగిపోయాయి.

"కోర్టుకెళితే ఆడపిల్లకి మూడోవంతే వస్తుంది," అన్నారెవరో మగవాళ్ళలోంచి, సాయం చేస్తున్నట్టు.

"యోబు కోర్టుకెళ్ళాడా?" అన్నాడు షౌకీ. "సగం. పదిహేను కీరాత్‌లు."

"ఏ సగం?" బహీజా మనవణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "ఉప్పు తేలిన అవతలి సగమా, కాలవ వైపు సగమా? ముందే చెప్పు. కొలిచేటప్పుడు మాటలొద్దు."

"కాలవ వైపు."

అది చెప్పడానికి అతనికి అన్నిటికంటే ఎక్కువ కష్టమైంది. చెప్పేసి, బల్ల మీద నుంచి చేతులు తీసి, ముందు వరస వైపు తిరిగాడు.

"నాది అయిపోయింది బావా. రేపు పొద్దున నా చేలో కొలకర్ర ఉంటుంది. ఇక నీ వంతు."

ఫానూస్ లేచి నిలబడ్డాడు. ఒంటి మీది పొడుగు జల్లాబీ అంగీ ముడతలు చేత్తో సాపు చేసుకున్నాడు. చర్చి మొత్తం అతని నోటి వంకే చూసింది. ఆ నోరు తెరుచుకుంది.

"ప్రార్థనతో ముగించుకుందాం," అన్నాడు.

పొడుగాటి ప్రార్థన చేశాడు. శాంతి సమాధానాల గురించి, ఐక్యత గురించి, పంట గురించి, అధికారుల గురించి, రోగుల గురించి. ఆ మంచి గొంతుతోనే. అలవాటు కొద్దీ తలలన్నీ వంగాయి, కళ్ళన్నీ మూసుకున్నాయి. షౌకీ మూసుకోలేదు. చివరిదాకా ఫానూస్ ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆమేన్ అనలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి కూడా ఆమేన్ సరిగా రాలేదు.

ఇంటికి పోతూ దారిలో రిఫ్కా అంది, "కాలవ వైపు ఎందుకిచ్చావు? ఆమె అడిగింది గానీ, అవతలిదిచ్చినా తీసుకునేది."

"ఉప్పు నేలనిస్తే వాడికి నాకూ తేడా ఏముంది?"

రిఫ్కా నడుస్తూ వేళ్ళ మీద గడ్డి లెక్క వేసింది. "ఏ గేదెను అమ్ముతావు?"

"నల్లదాన్ని."

"తెల్లమచ్చదాన్ని అమ్ము. నల్లది నా మాట వింటుంది."

మర్నాడు తెల్లవారగానే బహీజా మొగుడు కొలకర్ర పట్టుకొచ్చాడు. రావడానికి సిగ్గుపడ్డాడు గానీ వచ్చాడు. బహీజా గట్టు మీద నిలబడి ప్రతి కర్రా పెట్టడం చూసింది, రెండుచోట్ల మళ్ళీ కొలిపించింది. హద్దు రాయి పాతాక షౌకీ అనుకున్నాడు, ఏదైనా ఒక మంచి మాట అంటుందేమోనని. బహీజా చెప్పులు విప్పి తన సగంలోకి దిగి, మట్టి కాస్త పిసికి చూసి, "ఇన్నేళ్ళ గోధుమ తిన్నావు, అది అడగడం లేదు," అంది. పైకొచ్చాక ఇంకో మాట కూడా అంది. "పొలం ఇచ్చాను కదాని పండక్కి సారె మానేశావో, మళ్ళీ బుధవారం వస్తాను."

ఫానూస్ కొలకర్ర తీయలేదు. నెల తిరక్కుండానే ఆ రెండు ఫద్దాన్లూ అమ్మేశాడు. సంఘ పెద్దలు కూర్చుని, షౌకీ దేవుని ఇంట్లో కలహం పెట్టాడని తీర్మానించి, బుధవారం వంతుల్లోంచి అతని పేరు తీసేశారు. తీసేసినట్టు అతనికి చెప్పే పని పాస్టరు మీద పెట్టారు. నాదిర్ చెప్పాడు. ఆ తర్వాతి ఆదివారం బల్ల దగ్గరికొచ్చి, "లూకా పన్నెండు, పోయినసారి నేను ఆపిన చోటి నుంచి," అని గాదెల కథ మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాడు. వ్యాఖ్యానం చెయ్యలేదు. చదివి కూర్చున్నాడు. ఎండలు ముదిరేలోగా అతనికి ఇంకో ఊరికి బదిలీ వచ్చింది. పాస్టరు ఇంటికి వేసిన సున్నం అప్పటికింకా తెల్లగానే ఉంది.

ఊళ్ళో మిగతా అన్నల సంగతి పెద్దగా చెప్పుకునేది ఏమీ లేదు. ఒకడు చెల్లెలికి ఐదు కీరాత్‌లు రాసిచ్చాడు. ఒకడు చెల్లెల్ని చెంపదెబ్బ కొట్టాడు. మిగిలినవాళ్ళు ఆ తర్వాతి పండక్కి సారెలో ఒక కోడిని అదనంగా పంపి, ఇక అడగరులే అనుకున్నారు. కానీ ఆ ఏడు చనిపోయిన ముసలి రైతు ఇంట్లో నలుగురు పెద్దలు కూర్చుని "తృప్తేనా అమ్మా?" అని అడిగితే, కూతురు తలెత్తి "ఎంతుందో ముందు కొలవండి, తర్వాత చెబుతాను," అంది. ఆ మాట ఆ ఊళ్ళో అదే మొదటిసారి వినపడటం.

షౌకీ ఇప్పటికీ ప్రతి ఆదివారం చర్చికి వెళతాడు. వెనక బల్ల మీద కాదు, ఫానూస్ పక్కనే, ముందు బల్ల మీద కూర్చుంటాడు. అక్కడ కూర్చోవద్దని ఎవరూ తీర్మానం చెయ్యలేదు. బుధవారం మాత్రం రిఫ్కా వాకిట్లో చాప పరుస్తుంది. బహీజా వస్తుంది, ఇంకో పదిమంది వస్తారు, ఎక్కువ ఆడవాళ్ళే. ఒక భాగం చదువుతారు, ఎవరూ మధ్యలో ఆపరు. చివర రేపు పొద్దున ఏం చెయ్యాలని రిఫ్కా అడుగుతుంది, ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా టీ ఇవ్వదు.

కాలవ పక్కన దుకాణాలు లేచాయి. వాటిలో మొదటిదాంట్లో మంగలి కమాల్ షాపు పెట్టాడు. గడ్డం గీయించుకోవడానికి వెళితే, ఒకరోజు నురగ పూస్తూ కమాల్ అడిగాడు. "ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు షౌకీ అన్నా. పాస్టరు పోయాడు, గేదె పోయింది, నీ బుధవారం వంతు పోయింది. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది. ఇంత చేసి ఏం సంపాదించావు?"

షౌకీ అద్దంలో చూశాడు. అద్దంలో అతని ముఖం వెనక వీధీ, వీధికి అవతల ఫానూస్ ఎరువుల దుకాణం బోర్డూ కనపడుతున్నాయి.

"సంపాదించింది అడక్కు," అన్నాడు. "మళ్ళీ ఆ బల్ల దగ్గర నిలబెడితే మళ్ళీ అదే భాగం తీస్తాను. పోయింది అడుగు, లెక్క చెబుతాను."

"పోయిందే చెప్పు."

"ఇప్పుడు నువ్వు నిలబడి ఉన్నది రిఫ్కా పొలం. రావలసిన రెండు ఫద్దాన్లు రాలేదు. మా నాన్న పొలంలో, కాలవ వైపు, పదిహేను కీరాత్‌లు బహీజాకు వెళ్ళాయి."